కొత్త ప్లేటొచ్చిందని కారుకు తెలీదు!

క్లచ్ పెడలు ఉండదు. గేర్లు తనంతట తనే మార్చుకుంటుంది. అంత తెలివైన కారు కూడా ఒక్కోసారి మొదటిరోజు స్టీరింగ్ పట్టినవాళ్లలా ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు దానికి మళ్లీ పాఠం చెప్పాలి. అందుకు కావాల్సింది ఓ ల్యాప్‌టాపు, ఓ కేబులు, కాస్త ఓపిక. ఇంటి వాకిలే బడి!

ఓర్వకల్లులో ఓ ఇల్లు అనుకోండి. బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన వాకిలి. వేపచెట్టు కింద ఓ చిన్న కారు. దానికి రెండే పెడళ్లు, ఒకటి బ్రేకు, రెండోది యాక్సిలరేటరు. ఆ ఇంటి మాస్టారు రోజూ అందులోనే కర్నూలు వెళ్లొస్తారు. దూరం పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఈమధ్య క్లచ్ ప్లేటు అరిగిందంటే షెడ్డులో ఇచ్చి కొత్తది వేయించారు. అప్పట్నుంచీ మొదలైంది తంటా. నన్నూరు టోల్‌ప్లాజా దగ్గర బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి మెల్లగా జరుగుతుంటే, ఈ కారు మాత్రం రెండు క్షణాలు బిగుసుకుపోయి ఒక్కసారిగా ముందుకు దూకుతోంది. రెండో గేరు పడ్డప్పుడల్లా వెనక కూర్చున్న పెద్దావిడ ముందు సీటును గట్టిగా పట్టుకుంటోంది.

"బిగింపులో తేడా ఏం ల్యా సార్. ప్లేటు కూడా మంచిదే. కొత్త ప్లేటొచ్చిందని కారుకు తెలీదు, అంతే" అంటాడు మెకానిక్.

"తెలీకపోతే చెప్తే సరిపాయె గదా మామా" అంటాడు సెలవులకొచ్చిన మేనల్లుడు, భుజాన ఉన్న ల్యాప్‌టాపు సంచీ దించుతూ.

సన్నివేశం ఊహించుకున్నదే. సమస్య మాత్రం అక్షరాలా నిజం. ఆటోమేటెడ్ మాన్యువల్ గేర్‌బాక్సు, పొట్టిగా ఏఎంటీ, ఉన్న ఏ కారులోనైనా ఎదురయ్యేదే. మెకానిక్ అన్నమాటా నిజమే, మేనల్లుడు అన్నమాటా నిజమే. కాకపోతే ఆ 'చెప్పడం' ఎవరు చెప్పాలి, ఏ పరికరంతో చెప్పాలి, ఆ పరికరం ఎవరి చేతుల్లో ఉండాలి అన్నదాని దగ్గరే కథంతా ఉంది.

కనిపించని కాలు

ఏఎంటీని చాలామంది పూర్తిస్థాయి ఆటోమేటిక్ అనుకుంటారు. కాదు. బానెట్ కింద ఉండేది మామూలు గేర్ల కారులో ఉండే గేర్‌బాక్సే. అదే క్లచ్, అవే పళ్ల చక్రాలు. మారిందల్లా డ్రైవరు ఎడమకాలూ, ఎడమచెయ్యీ చేసే పని ఇంకొకరికి అప్పగించడమే. క్లచ్ నొక్కడానికో యంత్రం, గేరు జరపడానికో యంత్రం, ఎప్పుడు నొక్కాలో ఎప్పుడు వదలాలో చెప్పడానికో చిన్న కంప్యూటరు.

తొలితరం ఏఎంటీల్లో ఎక్కువగా కనిపించేది ఆయిలు పీడనంతో నడిచే ఏర్పాటు. ఓ చిన్న విద్యుత్ పంపు ఆయిలును 40 నుంచి 50 బార్ల పీడనానికి ఎక్కించి ఓ డబ్బాలో దాచిపెడుతుంది. కారు టైరులో ఉండే గాలి రెండు బార్లకు కాస్త ఎక్కువ, అంతే. అంటే దానికి ఇరవై రెట్లు! కారు తలుపు తీయగానే బానెట్ కిందనుంచి 'జుయ్' మని వినిపిస్తుందే, అది ఆ పంపు చప్పుడే. డ్రైవరు వచ్చాడని తెలిసి ముందుగానే ఊపిరి బిగబడుతుందన్నమాట. కంప్యూటరు ఆజ్ఞ ఇవ్వగానే బుల్లి వాల్వులు తెరుచుకుని ఆ ఆయిలు వెళ్లి క్లచ్‌ను నొక్కుతుంది. కొన్ని కార్లలో ఆయిలుకు బదులు మోటార్లే ఆ పని చేస్తాయి. ఏదైనా సూత్రం ఒకటే.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. డ్రైవింగ్ నేర్చుకున్న రోజులు గుర్తుచేసుకోండి. క్లచ్ మెల్లగా వదులు, ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ... అక్కడ ఆపు! కారు సన్నగా వణికి కదలబోయే ఆ ఒక్కచోటును కాలు పట్టుకోవడానికి వారాలు పట్టి ఉంటుంది. ఎద్దులు అడుగు ముందుకేశాక బండి కదిలేముందు మోకు బిగిసే క్షణం లాంటిదది. ఇంజినీర్లు దానికి పెట్టిన పేరు 'కిస్ పాయింట్'. తిరుగుతున్న ఇంజిను చక్రాన్ని క్లచ్ ప్లేటు మొదటిసారి తాకే చోటు కదా, పేరు బాగానే కుదిరింది.

మనిషి కాలు ఆ చోటును చర్మంతో గుర్తుపెట్టుకుంటుంది. ఏఎంటీ కంప్యూటరు ఓ అంకెగా గుర్తుపెట్టుకుంటుంది. 'క్లచ్ ఇంత దూరం వెనక్కి వస్తే ప్లేటు తాకుతుంది' అన్నది దాని జ్ఞాపకంలో రాసి ఉంటుంది. ప్లేటు రోజురోజుకీ అరుగుతుంటే ఆ చోటు మిల్లీమీటరులో భిన్నాల్లో జరుగుతూ ఉంటుంది. దాన్ని గమనిస్తూ కంప్యూటరు కూడా అంకెను కొద్దికొద్దిగా దిద్దుకుంటుంది. ఏళ్లతరబడి సాగే ఈ సర్దుబాటు యజమానికి తెలియనే తెలియదు.

ఒకరోజు మెకానిక్ పాత ప్లేటు తీసి కొత్తది బిగిస్తాడు. అప్పటిదాకా అరిగి అరిగి జరిగిన చోటు ఒక్కదెబ్బకు వెనక్కి వచ్చేస్తుంది. కంప్యూటరు జ్ఞాపకంలో మాత్రం పాత అంకే! ప్లేటు ఇంకా తాకలేదనుకుని అది వేగంగా వదిలేస్తుంది, అప్పటికే తాకి ఉంటుంది. కారు దూకుతుంది. లేదా అంకె రెండోవైపు తప్పితే తాకిందనుకుని ఆగుతుంది, కారు కదలదు. కొత్త చెప్పులేసుకున్న రోజు మెట్ల దగ్గర తడబడతామే, అలాగన్నమాట. చెప్పు మడమ ఎత్తు మారిందని కాళ్లకు పది అడుగుల్లో తెలిసిపోతుంది. కారుకు మాత్రం పనిగట్టుకుని చెప్పాలి.

రేసు కారు నుంచి రచ్చబండ దాకా

ఇంతకీ ఈ గేర్‌బాక్సు చిన్న కార్ల కోసం పుట్టింది కాదు. 1989లో ఫెరారీ కంపెనీ తన ఫార్ములా వన్ కారులో గేరు రాడ్డు తీసేసి, స్టీరింగ్ వెనక రెండు మీటలు పెట్టింది. వాటిని వేలితో లాగితే ఎలక్ట్రానిక్స్ గేరు మారుస్తాయి. ఆ ఎలక్ట్రానిక్స్ ఇటలీకి చెందిన మాన్యెటీ మరెల్లీవి. పరీక్షల్లో ఆ కారు తెగ మొరాయించింది. మార్చిలో బ్రెజిల్‌లో జరిగిన తొలి రేసులో నైజెల్ మాన్సెల్ దాన్ని నడిపాడు. మధ్యలోనే ఆగిపోవడం ఖాయమని నమ్మి, తిరుగు ప్రయాణానికి ముందు విమానంలో టిక్కెట్టు కూడా చూసుకున్నాడని చెబుతారు. చూస్తే గెలిచి కూర్చున్నాడు! ఆ ఏడాది తర్వాతి రేసుల్లో మాత్రం కారు పదేపదే ఆగింది. తప్పు గేర్‌బాక్సుదేనని అందరూ అనుకున్నారు. దానికి అందాల్సిన కరెంటు సరిగా అందకపోవడమే అసలు కారణమని తర్వాత తేలింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మన వాకిట్లో కారు దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

1997లో ఫెరారీ ఎఫ్355, ఆ తర్వాత రెండేళ్లకు ఆల్ఫా రోమియో 156... అలా రేసు ట్రాకు నుంచి రోడ్డుకు దిగింది ఆ పరిజ్ఞానం. బ్రెజిల్‌లో ఫియట్ చిన్నకార్లలోకి 'డ్యుయోలాజిక్' పేరుతో వచ్చింది. మనదేశంలో 2014 ఫిబ్రవరిలో మారుతీ సుజుకీ సెలేరియోతో అడుగుపెట్టింది. గేర్లుండే మోడల్ కన్నా 40 వేల రూపాయలు అటూ ఇటూగా ఎక్కువ పెడితే చాలు, క్లచ్ నొక్కే బాధ తప్పుతుంది. మైలేజీ తగ్గదు. ఇంకేం కావాలి మధ్యతరగతికి? అదే ఏడాది టాటా జెస్ట్, ఆ తర్వాత క్విడ్, డిజైర్, శాంత్రో. మోకాళ్ల నొప్పులున్న పెద్దలూ, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న గృహిణులూ ఏరికోరి కొన్నారు.

అలా కొన్న కార్లు ఇప్పుడు పదేళ్ల వయసుకొచ్చాయి. వారంటీ కాలం ఎప్పుడో అయిపోయింది. చాలావాటికి క్లచ్ ఒకసారైనా మారి ఉంటుంది. చేతులు మారి చిన్న ఊళ్లకు చేరినవీ ఉన్నాయి. ఓర్వకల్లు వంటి చోట్ల ఇప్పుడు అసలు చిక్కొచ్చి పడింది. 'బాహుబలి' షూటింగ్ 2013లో మొదలైన రాతివనం ఇక్కడే ఉంది. 2021 మార్చిలో ప్రారంభమైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయమూ ఇక్కడే. ఊరి ముందునుంచి పోయే హైవే మీద ఏ కారైనా దూసుకుపోతుంది. కానీ ఏఎంటీ కారు మొండికేస్తే, దాని గేర్‌బాక్సుతో మాట్లాడే పరికరం కోసం కర్నూలో నంద్యాలో వెళ్లాలి.

వెళ్లడమూ అంత తేలిక కాదు. మామూలు కారు ఆగిపోతే గేరు న్యూట్రల్ చేసి నలుగురు తోస్తారు. ఏఎంటీ కారు గేరులో ఉండగా మొత్తం కరెంటు పోయిందనుకోండి, న్యూట్రల్ చేసే నాథుడే ఉండడు. మీట జరిపినా అది కంప్యూటరుకు చేసే విన్నపమే తప్ప గేరును జరిపే రాడ్డు కాదు. ఇలాంటి చిన్నకార్లకు ఇంజిను లాగేది ముందు చక్రాలను. కాబట్టి వాటిని గాల్లోకి లేపి మరీ లాక్కెళ్లాలి. శ్రీశైలం ఘాట్‌లో మలుపు మీద ఇలా జరిగితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మోకాళ్ల దగ్గరి కిటికీ

ప్రతి కారులోనూ స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాళ్లకు కాస్త పైన ఓ చిన్న సాకెట్ ఉంటుంది. పదహారు పిన్నులు. చాలామంది యజమానులు కారు అమ్మేదాకా దాన్ని చూసి ఉండరు. అదే కారు లోపలికి కిటికీ. దాని పేరు ఓబీడీ.

అది పుట్టింది యజమాని సౌకర్యం కోసం కాదు, పొగ కోసం. కారు వదిలే విషవాయువులు మోతాదు మించితే కారే ఆ విషయం బయటపెట్టాలని అమెరికా పట్టుబట్టింది. 1996 మోడళ్ల నుంచి అక్కడ అన్ని కార్లకూ ఒకేరకం సాకెట్ తప్పనిసరి చేసింది. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి వచ్చింది. మనదేశంలో 2010 ఏప్రిల్‌లో మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ అమల్లోకి వచ్చాయి. కాబట్టి మన ఏఎంటీ కార్లన్నిటికీ ఆ కిటికీ ఉన్నట్టే.

కిటికీ ఉంది కదా, మరి ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చవక పరికరం ఒకటి కొని గుచ్చేస్తే పోలా? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. చట్టం అందరికీ తెలిసేలా ఉండాలన్నది పొగకు సంబంధించిన భాష ఒక్కటే. ఇంజినులో ఏ లోపం ఉందో చెప్పే కోడ్‌లను ఆ చవక పరికరం చదువుతుంది, బాగానే చదువుతుంది. గేర్‌బాక్సు కంప్యూటరు మాట్లాడేది మాత్రం కంపెనీ సొంత భాష. అందులో 'క్లచ్ మారింది, మళ్లీ నేర్చుకో' అని చెప్పాలంటే ఆ భాష తెలిసిన సాఫ్ట్‌వేరు కావాలి.

కొన్ని కార్లకు అది బయట దొరుకుతుంది. ఫియట్, ఆల్ఫా రోమియో, లాన్సియా కార్ల కోసం 'మల్టీఈసీయూస్కాన్' అనే సాఫ్ట్‌వేరు ఉంది. యూరప్‌లో ఎంతోమంది యజమానులు తమ షెడ్డులో కూర్చుని ఇలాంటి గేర్‌బాక్సులకు దాంతోనే పాఠం చెప్పుకుంటారు. టయోటా కార్లకు ఆ కంపెనీ సాఫ్ట్‌వేరు 'టెక్‌స్ట్రీమ్' ఉంది. మనదగ్గర అమ్ముడైన ఏఎంటీల విషయంలో ఇంట్లో వాడుకునే వీలు అంతగా లేదు. కంపెనీ సర్వీసు సెంటరు పరికరమో, బయటి మెకానిక్‌లు కొనుక్కునే 'మల్టీబ్రాండ్' స్కానరో కావాలి. అందులో కూడా ఏ మోడల్ గేర్‌బాక్సుకు ఏ పని చేయగలదో కొనేముందే అడిగి తెలుసుకోవాలి. 'అన్ని కార్లకూ పనిచేస్తుంది' అన్న అట్టపెట్టె మీది మాటను నమ్మితే అంతే సంగతులు.

వాకిట్లో పాఠం

సరైన పరికరం దొరికిందనుకుందాం. మాస్టారి వాకిట్లో మేనల్లుడూ, మెకానిక్కూ కలిసి కూర్చున్నారు. మొదట చేయాల్సింది ల్యాప్‌టాపు తెరవడం కాదు, బ్యాటరీ చూడటం! ఫెరారీ కథ గుర్తుందిగా. పంపు తిరగడానికీ, వాల్వులు తెరవడానికీ, కంప్యూటరు ఆలోచించడానికీ అన్నిటికీ కరెంటే ఆధారం. బ్యాటరీ నీరసంగా ఉంటే గేరు సగంలో ఆగిపోవచ్చు. దాన్నే గేర్‌బాక్సు జబ్బు అనుకుని వేలకు వేలు పోసేవాళ్లున్నారు. పాఠం సగంలో ఉండగా బ్యాటరీ పడిపోతే మరీ అన్యాయం, పాత అంకె పోయి కొత్త అంకె రాక కారు మంచం పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందురోజు రాత్రే బ్యాటరీకి ఛార్జింగ్ పెడతారు, లేదా పాఠం జరుగుతున్నంతసేపూ ఛార్జరు తగిలించి ఉంచుతారు.

రెండోది బ్రేకు లైటు స్విచ్చి. ఇది వింటే నవ్వొస్తుంది కానీ ఏఎంటీ కారు బ్రేకు నొక్కారని నమ్మితేనే స్టార్టవుతుంది, గేరులో పడుతుంది. బ్రేకు పెడలు దగ్గరుండే ఓ చిన్న స్విచ్చి పాడైతే కారు శిలావిగ్రహమే. మూడోది ఆయిలు. దాని మట్టం తగ్గిందా, ఎక్కడైనా కారుతోందా చూడాలి. చూడటం వరకే. ఆ పైపులను మాత్రం ఇంట్లో విప్పకూడదు. 50 బార్ల పీడనంలో ఉన్న ఆయిలు సన్నటి చీలికలోంచి చిమ్మితే చర్మంలోకి దూసుకుపోతుంది.

ఇవన్నీ బాగుంటే కారును చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ఓర్వకల్లులో రాళ్లకు కొదవా! కారు ముందు మనిషన్నవాడు ఉండకూడదు. పాఠంలో కొన్నిచోట్ల కంప్యూటరే గేరు వేస్తుంది, ఇంజిను నడుస్తూ ఉంటుంది. పిల్లలు చుట్టూ మూగడం సహజం, వాళ్లను అరుగు మీదే కూర్చోబెట్టాలి.

కేబులు తగిలించాక మొదట చదవాలి. ఏయే లోపాల కోడ్‌లున్నాయి, కంప్యూటరు జ్ఞాపకంలో కిస్ పాయింట్ అంకె ఎంత ఉంది అన్నవి కాగితం మీద రాసుకోవాలి. కుర్రకారు ఇక్కడే తొందరపడతారు. 'చెరిపెయ్' అన్న మీట కనిపించగానే నొక్కేస్తారు. డాక్టరు చూడకముందే రిపోర్టులు చించేసినట్టే అది. ఏమీ మార్చకుండా చదివిన ఈ పది నిమిషాలే ఒక్కోసారి జబ్బేమిటో చెప్పేస్తాయి.

ఆ తర్వాత గేర్ల పాఠం. తాళం తిప్పి, ఇంజిను స్టార్ట్ చేయకుండా ఆజ్ఞ ఇస్తే చాలా కార్లలో గేర్‌బాక్సు తనంతట తనే ఒక్కో గేరు దగ్గరికీ వెళ్లి తట్టి వస్తుంది. టక్... టక్... టక్. చీకట్లో గోడ తడుముకుంటూ గది కొలతలు తెలుసుకునే మనిషిలా, ఏ గేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొలుచుకుని రాసుకుంటుంది. మనుషులు లేని కారులో ఈ చప్పుళ్లు వింటుంటే పెద్దవాళ్లు 'దయ్యం గాని పట్టిందా' అనడం ఖాయం.

చివరికి క్లచ్ పాఠం. కార్లను బట్టి పద్ధతి మారుతుంది. ఓ పద్ధతిలో ఇంజినును తీరిగ్గా తిరగనిచ్చి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్‌ను వెంట్రుకవాసి చొప్పున వదులుతుంది కంప్యూటరు. గేర్‌బాక్సులోకి వెళ్లే ఇరుసు అప్పటిదాకా కదలకుండా ఉంటుంది. ప్లేటు తాకగానే అది తిరగడం మొదలుపెడుతుంది. సెన్సరు ఆ మొదటి కదలికను పట్టేస్తుంది. అదిగో, అదే కిస్ పాయింట్! డ్రైవింగ్ స్కూలు మాస్టారు 'అక్కడ ఆపు' అని అరిచిన చోటే. కొన్నిసార్లు కొత్త అంకె పాతదానికి ఎంత దూరంలో ఉందో తెర మీద చూస్తే కారు ఇన్నాళ్లూ ఎందుకు దూకిందో అర్థమైపోతుంది. మొత్తం పని అరగంటలో అయిపోతుంది, దానికి సిద్ధపడటానికే ఒక పూట పడుతుంది.

తర్వాత రోడ్డు మీద పరీక్ష. ఎండ ముదరకముందే, బండ్లు తక్కువున్న వేళ, ఒక్కో గేరూ పడేలా నిదానంగా కొంత దూరం నడపాలి. కంప్యూటరు మిగతా సవరణలు దారిలో చేసుకుంటుంది. మొదటి పది కిలోమీటర్లలోనే తీర్పు చెప్పేయకూడదు.

పాఠంతో నయం కానివి

అన్ని జబ్బులకూ ఇదే మందనుకుంటే పొరపాటు. యాక్సిలరేటరు నొక్కితే ఇంజిను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోందని అర్థం. అరిగిన ప్లేటుకు ఎన్ని పాఠాలు చెప్పినా ముందమందం తిరిగి రాదు. ఇంకా చెప్పాలంటే, అలాంటి కారుకు పాఠం చెబితే రెండు రోజులు బాగున్నట్టు అనిపిస్తుంది. మూడోరోజు ఘాట్ రోడ్డులో మోసం చేస్తుంది. ఆయిలు కారుతున్నా, పంపు అదేపనిగా తిరుగుతూనే ఉన్నా, పీడనం నిలవకపోయినా అది స్పానరు పట్టేవాళ్ల పని.

ఇక కొందరి క్లచ్‌లు తొందరగా అరగడానికి కారణం గేర్‌బాక్సు కాదు, యజమాని పాదమే. వాలు మీద సిగ్నలు పడినప్పుడు బ్రేకు వేయకుండా యాక్సిలరేటరుతో కారును నిలబెడుతుంటారు. కారు నిలబడుతుంది కానీ ఆ కాసేపూ క్లచ్ ప్లేటు ఇంజిను చక్రానికి ఒరుసుకుంటూ మాడుతూ ఉంటుంది. నలభై డిగ్రీలు దాటే కర్నూలు ఎండల్లో అది ఇంకా కష్టం. కాలిన వాసన వచ్చిందంటే ఆపి కాసేపు చల్లారనివ్వాలి. సాఫ్ట్‌వేరుకు ముక్కు లేదు!

అందుకే వాకిట్లో మేనల్లుడితో పాటు మెకానిక్ ఉండటం ముఖ్యం. ల్యాప్‌టాపు అంకె చెబుతుంది. ఆ అంకె ఎందుకలా ఉందో చెప్పేది ప్లేటును చేత్తో పట్టి చూసినవాడే. నకిలీ కేబుళ్లు, దొంగ సాఫ్ట్‌వేర్లు వాడి కారు కంప్యూటరును పోగొట్టుకున్న తర్వాత సర్వీసు సెంటరు గుమ్మం ఎక్కడం కన్నా, వారంటీ ఉన్నన్నాళ్లు నేరుగా అక్కడికే వెళ్లడం తెలివైన పని. ఎయిర్‌బ్యాగులు, తాళంచెవి భద్రత జోలికి మాత్రం ఎవరూ ఇంట్లో వెళ్లకూడదు.

తాళం ఎవరి దగ్గర?

సాంకేతికంగా చూస్తే అరగంట పని. మరి ఊళ్లోని మెకానిక్ దగ్గర ఆ పరికరం ఎందుకు ఉండదు? ఈ ప్రశ్న ఢిల్లీ దాకా వెళ్లింది. విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా కార్ల కంపెనీలు అడ్డుకుంటున్నాయని 2011లో ఓ వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. విచారణ సాగి సాగి 2014 ఆగస్టు 25న ఉత్తర్వులొచ్చాయి. 14 కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా! విడిభాగాలతో పాటు ఆ పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలని కమిషన్ స్పష్టంగా చెప్పింది. కంపెనీలు ఊరుకుంటాయా, అప్పీళ్లకు వెళ్లాయి. అలా వెళ్లినవాటిలో మూడు కంపెనీల విషయంలో 2016 డిసెంబరులో ట్రైబ్యునల్ జరిమానా లెక్క తగ్గించినా, పోటీని అడ్డుకున్నారన్న నిర్ధారణను సమర్థించింది.

యాదృచ్ఛికమే కావచ్చు, మనదేశంలో తొలి ఏఎంటీ కారు వచ్చిందీ, ఆ ఉత్తర్వులొచ్చిందీ ఒకే ఏడాది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇదే విషయం మీద 2012లో ఓటింగే పెట్టారు. నూటికి ఎనభైమందికి పైగా 'మరమ్మతు హక్కు'కే ఓటేశారు. మనదగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఓ కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చారు. ఓర్వకల్లు లాంటి మండలంలో ట్రాక్టరు ఆగినా, కారు ఆగినా పనులు ఆగేది ఒకటే కాబట్టి ఆ రెండూ ఒకే జాబితాలో ఉండటం సబబే. ఉత్తర్వులున్నాయి, పోర్టల్ ఉంది. హైవే పక్క షెడ్డులోకి ఆ పరికరం చేరడమే మిగిలింది. మంచి స్కానరు ఖరీదు చిన్న మెకానిక్‌కు నెలల సంపాదన. ఏటా మళ్లీ డబ్బు కడితేనే కొత్త మోడళ్లు అందులో చేరతాయి. నలుగురైదుగురు మెకానిక్‌లు కలిసి ఒకటి కొనుక్కుంటే గిట్టుబాటవుతుంది. కలిసి పొదుపు చేయడం ఓర్వకల్లు మహిళలను చూసి రాష్ట్రమంతా నేర్చుకున్న సంగతే కదా!

మళ్లీ మాస్టారి వాకిట్లోకి వెళ్దాం. పొద్దు వాలకముందే మేనల్లుడు కేబులు పీకాడు. మాస్టారు హైవే మీద కాల్వబుగ్గ వైపు ఓ చుట్టు తిరిగొచ్చారు. వెనక కూర్చున్న పెద్దావిడ ఈసారి ముందు సీటు పట్టుకోలేదు. ఒళ్లో పెట్టుకున్న పూలబుట్ట మీదే ఉన్నాయి రెండు చేతులూ.

మెకానిక్ షర్టు జేబులోంచి నూనె మరకల చిన్న నోటుపుస్తకం తీశాడు. అందులో టైర్ల గాలి లెక్కలూ, ఆయిలు ఫిల్టర్ల నంబర్లూ ఉన్నాయి.

"ముందుండే అంకె ఎంతుండె, ఇప్పుడెంత వచ్చె? రెండూ చెప్పప్పా, రాసుకుంటా" అన్నాడు.